సీసాలో మంచు

నాంచారమ్మకు ఒకటే దిగులు. సుభానీ మాస్టారి దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. స్టూడియో ముందున్న అద్దాల షోకేసులో తను తీసిన ఫోటో ఒక్కటీ లేదు.

అప్పట్లో మా ఊరికి స్టూడియో అదొక్కటే. బస్సు దిగినవాళ్లు ముందు ఆ అద్దాల దగ్గర ఆగేవాళ్లు. పెళ్లికూతుళ్లు, బోసినవ్వుల పిల్లలు, రేవులో పడవలు, పొలాల మీద సూర్యుడు. అన్నీ మాస్టారు తీసినవే. వాటిని చూసి లోపలికి వచ్చి, మెడలో కెమెరా వేసుకుని నిలబడ్డ నాంచారమ్మనే అడిగేవాళ్లు.

"ఫోటోలు తీసే ఆయన లేడా అమ్మా?"

ఎంత అలవాటైనా ఆ మాట గుచ్చుకునేది. ఒక్క ఫోటో అందులో ఉండి, కింద తన పేరుంటే చాలు. ఇంకెవరూ అలా అడగరు అనుకునేది.

శుక్రవారం స్టూడియోకి సెలవు. వానలు వెనకబట్టాక, ఆశ్వయుజం, కార్తీకం రెండు నెలలూ శుక్రవారం తెల్లారగానే ఇద్దరూ కృష్ణ కరకట్ట మీద నడిచేవాళ్లు. ఒక పక్క పొట్టమీదున్న వరి. ఇంకో పక్క ఏటి లంకల్లో, కనుచూపు మేర, తెల్లగా రెల్లు పూత. గాలి వస్తే లంక లంకంతా ఒకేసారి తల వంచేది.

మాస్టారికి మోకాళ్ల నొప్పి. నెమ్మదిగా నడిచేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే రీలు, ముప్పై ఆరు ఫోటోలు. ఆయన రెండో మూడో తీసి మిగతావన్నీ నాంచారమ్మకు వదిలేసేవారు.

"మా బీబీ కూడా వచ్చేదమ్మాయ్, ఇదే కట్ట మీద," అనేవారు నడుస్తూ. "మంచుకి చీర కుచ్చెళ్లు తడిసి ఇంత బరువయ్యేవి. ఇంటికెళ్లి పిండుకుంటూ తిట్టేది. ఫోటోలు మీకు, ఉతుకుడు నాకూనా అని."

ఆయన భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ మాట చెప్పి ఆయన నవ్వేవారు. నవ్వాక నడిచొచ్చిన దారి వైపు ఒకసారి తిరిగి చూసేవారు.

బెజవాడ నుంచి కడిగిన ఫోటోలు వస్తే ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని చూసేవారు. నాంచారమ్మవి చూసి "ఊ" అని సొరుగులో పెట్టేవారు.

"బాలేదా మాస్టారూ?"

"బాగుంది."

"మరి?"

"బాగుందన్నాగా."

ఆ ఏడు ఆశ్వయుజం వెళ్లిపోతున్నా మంచు జాడ లేదు. రాత్రంతా మబ్బు, తెల్లారితే ఉక్క. నాంచారమ్మ మనసులో మాత్రం ఒక ఫోటో ఎప్పుడో తయారై కూర్చుంది. ఎదురెండలో ఒక్క రెల్లు కంకి, దాని నిండా మంచు బొట్లు. వారాలు గడిచిపోతున్నాయి, రెల్లు రాలిపోతోంది. ఆగలేకపోయింది.

ఆ శుక్రవారం, పక్క కటింగ్ షాపులో జుట్టు మీద నీళ్లు చిమ్మే సీసా ఉంటుందే, అది అడిగి తెచ్చుకుని సంచిలో పెట్టుకుంది. మాస్టారు తూము గట్టు మీద కూలబడి మోకాళ్లు రాసుకుంటుంటే, తను ముందుకెళ్లింది. మంచి కంకి ఒకటి చూసి నీళ్లు చిమ్మింది. ఎండ పడగానే బొట్లన్నీ తళుక్కుమన్నాయి. వరసగా తొమ్మిది తీసింది. వెనకాల మాస్టారి చెప్పుల చప్పుడు వినపడేసరికి కంగారులో సీసాని గడ్డిలోకి విసిరేసింది.

"ఏం దొరికిందమ్మాయ్?"

"చూద్దురుగాని," అంది.

ఫోటోలు వచ్చాయి. వాటితోపాటు ఒక చీటీ కూడా. రెల్లు ఫోటో తీసిందెవరని కడిగినాయన అడిగాడు.

మాస్టారు ఆ ఫోటో చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఆ రోజు మంచు పడిందా?"

"పడింది మాస్టారూ."

"నా లుంగీ అంచు తడవలేదే."

నాంచారమ్మ చెవులు వేడెక్కాయి. "అక్కడొక్కచోటే పడిందండీ."

"అక్కడొక్కచోటేనా! నీకోసం దాచిపెట్టినట్టుందే," అని నవ్వారు.

ఆ సాయంత్రమే షోకేసు తెరిచి, పడవల ఫోటో తీసేసి, ఆ చోట రెల్లు ఫోటో పెట్టారు. కింద ఒక అట్టముక్క మీద ఆయనే రాశారు: తీసినది, కె. నాంచారమ్మ.

వారం రోజులు ఆమె కాళ్లు నేల మీద లేవు. "నువ్వేనటమ్మా తీసింది? ముత్యాలే ముత్యాలు!" అన్నారు ఆడవాళ్లు. పోస్టుమాన్ సైకిలు దిగి మరీ చూసి, "ఇంక సాయిబు గారు ఇంట్లో కూర్చోవచ్చు," అని వేళాకోళమాడాడు. ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి, "ఆయనొద్దు, నువ్వే తియ్యి," అంది.

ఒకటే బాగోలేదు. పొద్దున్నే స్టూడియోకి రాగానే మాస్టారు ఆ ఫోటో ముందు ఆగేవారు. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో వెతుకుతున్నట్టు చూసేవారు. తర్వాత లోపలికొచ్చి కూర్చునేవారు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. కరకట్ట మీద తూము దాటాక మాస్టారు గడ్డిలోకి వంగి ఏదో తీశారు. పైకి లేచి సీసా ఆమె ముందు పట్టుకున్నారు.

నాంచారమ్మ నేల చూపులు చూసింది. తల ఎత్తకుండానే అంది.

"మీరు మాత్రం స్టూడియోలో తాజ్‌మహల్ తెర కట్టరా మాస్టారూ?"

"కడతాను. తెరని చూసి ఆగ్రా వెళ్లొచ్చారా అని ఎవరూ అడగరు," అన్నారు. కోపం లేదు గొంతులో. "అయినా తప్పని నేనన్నానా? మంచి ఉపాయం. నన్నూ ఒకటి తీసిపెట్టు."

"మిమ్మల్నా?"

"మా అమ్మాయి షంషాద్‌కి పంపాలి. వాళ్లమ్మ పోయినప్పుడు అబ్బా కళ్లలో చుక్క నీరు రాలేదని ఇప్పటికీ దెప్పుతుంది పిల్ల. ఇది చూస్తే ఊరుకుంటుంది."

రెల్లు ముందు నిలబడి టోపీ సర్దుకున్నారు. సీసా ఎత్తి రెండు బుగ్గల మీదా చిమ్ముకున్నారు. నీళ్లు ముడతల వెంట దిగి తెల్లటి గడ్డంలోకి జారాయి.

"తియ్యి. ఎండ బాగుంది."

నాంచారమ్మ కెమెరాకి కన్ను ఆనించింది. ముఖం స్పష్టంగా కుదిరింది. వెనక రెల్లు, బుగ్గల మీద బొట్లు. నిజంగానే బాగుంది. వేలు బటన్ మీదికి పోయింది.

మాస్టారు ఆమెను చూడటం లేదు. కట్ట మీద వాళ్లు నడిచొచ్చిన దారి వైపు చూస్తున్నారు. చాలాసేపు అలాగే చూశారు. బుగ్గల మీద బొట్లు ఆరిపోవాల్సింది, ఆరలేదు. ఇంకొకటి జారింది. దాని వెనకే ఇంకొకటి.

"తీశావా?"

"లేదండీ."

"ఏం?"

"ఏవి సీసా నీళ్లో, ఏవి..." కెమెరా కిందికి దించింది. "తెలియడం లేదు మాస్టారూ."

ఆయన భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"నాకూ వారం రోజులుగా ఆ రెల్లు ఫోటో ముందు అదే బాధ తల్లీ," అన్నారు.

ఆ రోజు రీలులో ఒక్క ఫోటో కూడా తీయలేదు.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి షోకేసు తలుపు తీసి ఉంది. నాంచారమ్మ లోపల అద్దం తుడుస్తోంది. పడవల ఫోటో బల్ల మీదే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. రెల్లు ఫోటో ఉండాల్సిన చోట ఖాళీగా, గోడ రంగు కనిపిస్తోంది. ఆయన ఖాళీని చూసి, చెప్పులు విడిచి లోపలికెళ్లారు.

సాయంత్రం బస్సు దిగి వచ్చినాయన ఎవరో అద్దాల ముందు నిలబడి, "ఇక్కడేదో రెల్లు ఫోటో ఉందట, మా వాళ్లు చెప్పారు. ఏదండీ?" అని అడిగాడు.

నాంచారమ్మ నోరు తెరిచేలోపే మాస్టారు లోపలి నుంచి జవాబు చెప్పారు.

"ఈ ఏడింకా మంచు పడలేదు బాబూ."