సూదమ్మ పెంచిన ఎర్రపాచి

తుమికికోన అడవిలో దుప్పులు, ఎలుగులు, అడవికోళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. వాటన్నిటికీ గుండెదడ తెప్పించే చిరుతపులి ఒకటి ఉండేది. దాని పేరు చుక్కలరాయుడు. "నేను నడిస్తే ఎండుటాకు కూడా చప్పుడు చెయ్యదు" అని మీసం మెలేసేవాడు.

ఆ కోనలోనే ఒక గుహలో సూదమ్మ అనే ముళ్ళపంది, కొడుకు గుండుతో ఉండేది. కిందటేడు ఆమె పిల్లలిద్దరిని చిరుత ఎత్తుకుపోయింది. ఇక మిగిలింది వీడొక్కడే. పాపం, కంటికి రెప్పలా చూసుకునేది.

అందుకే సూదమ్మ ఓ ఉపాయం పన్నింది. కంటికి కనబడని సూక్ష్మజీవుల్లో కొన్నింటికి వెలుగు తగిలితే తెలుస్తుంది. కొన్నింటికి ఎర్రరంగు చెయ్యడం వచ్చు. ఆ రెండు గుణాలూ ఒక్కదానిలోకే వచ్చేదాకా ఓపికగా కలిపి పెంచింది. ఆ కొత్త జీవుల పాచిని గుహ గోడకు పూసింది. చీకట్లో అది తెల్లగా ఉంటుంది. కాసేపు ఎండ తగిలితే ఎర్రబడుతుంది. వెలుగు పడకుండా గుహ మూతికి ముళ్ళకంప అడ్డం పెట్టింది.

ఆ సంగతి విని చుక్కలరాయుడు పగలబడి నవ్వాడు. "పాచి కాపలా కాస్తుందట! ఇదెక్కడి చోద్యం!"

ఆ ఏడు వానల్లేవు. దుంపల కోసం తల్లీకొడుకులు పట్టపగలే బయటికి పోవాల్సి వచ్చింది. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు. కంప పెట్టినచోటే ఉంది. నేల మీద అడుగుజాడ లేదు. అలసిపోయిన గుండు లోపలికి దూరబోయాడు.

"ఆగరా!" అంటూ సూదమ్మ కంపను కొంచెం జరిపి చూసింది.

గోడంతా ఎర్రగా ఉంది. మధ్యలో మాత్రం తెల్లటి ఆకారం. పెద్ద తల, గుండ్రటి చెవులు.

"అమ్మా, ఎవరే అది?" అన్నాడు గుండు గుసగుసగా.

సూదమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో కంప తీసి, ఎండకు అడ్డంగా నిలబడి తొంగిచూశారు. వాళ్ళ నీడ పడినచోట పాచి ఎర్రబడలేదు. ఆ చెవులు ఎవరివో ఆ తల్లికి తెలియదా! చెవులు రిక్కించింది. లోపల సన్నగా ఊపిరి వినిపించింది. వాడు లోపలికి దూరి, కంపను మళ్ళీ అడ్డం లాక్కున్నాడన్నమాట.

పరిగెడితే చిరుత చేతికి చిక్కడం ఖాయం. లోపలికి తల పెట్టినా చావే. ముళ్ళపందికి మొహం మీద ముళ్ళుండవు మరి. ఆ మొహం కోసమే వాడు పొంచి ఉన్నాడు.

"ఇక్కడే నా మొహం దగ్గర నిలబడు. కదిలావో, జాగ్రత్త!" అని కొడుకు చెవిలో చెప్పింది. తర్వాత గట్టిగా, "పద నాయనా, లోపలికి పోయి పడుకుందాం" అంది. అని వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వెనకడుగులు వేస్తూ గుహలో దూరింది.

చుక్కలరాయుడు ఒక్క ఉదుటున ఎగిరి, పంజా విసిరి నోటితో కరిచాడు. అంతే!

"చచ్చాన్రోయ్!"

మూతి నిండా ముళ్ళు. పంజాల నిండా ముళ్ళు. సూదమ్మ పక్కకు తప్పుకోగానే కుయ్యో మొర్రో అంటూ బయటపడి, కుంటుకుంటూ పారిపోయాడు. మళ్ళీ ఆ కోనలో కనిపించలేదు.

అప్పటిదాకా బిగబట్టుకున్న సూదమ్మ బావురుమంది.

"ఏడుస్తావేంటే అమ్మా, మనమే గెలిచాం కదా!" అన్నాడు గుండు.

"నువ్వు మిగిలావురా నాయనా" అంటూ కొడుకును దగ్గరకు తీసుకుంది.

నీతి: అల్పజీవులని నవ్వినవాడు దెబ్బతింటాడు; వాటి గుణం ఎరిగి మసలుకున్నవాడు గండం గట్టెక్కుతాడు.