మంచువేళ దించే ఆకు

మాఘ పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రోజు గంగాచలానికి ఉపదేశం ఇస్తానని నరసింగదాసు గారు మాటిచ్చారు. అయితే ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఉపదేశానికి వచ్చేవాడు తనను పెంచిన చేతుల దీవెన తీసుకుని రావాలి. "ముందు ఆ గడప తొక్కి రా నాయనా, నా గడప ఎక్కడికీ పోదు" అనేవారు.

గంగాచలాన్ని పెంచింది అక్క అచ్చియ్యమ్మ. తల్లి పోయేనాటికి అతనికి మూడేళ్లు. అక్క చుట్టలు చుట్టి అతన్ని పెంచింది. ఆ అక్క అతన్ని గుమ్మం ఎక్కనిచ్చి పది నెలలైంది.

కిందటి చైత్రంలో బావ పోయాడు. పదోరోజున అచ్చియ్యమ్మ గోడకు చేరబడి ఏడుస్తుంటే గంగాచలం వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. గురువుగారి దగ్గర మూడేళ్లుగా విన్నదంతా ఆ పూట కోసమేనని అనిపించింది అతనికి.

"ఎవరికి ఎవరక్కా? ఈ దేహం నీటి మీద బుడగ. దానికోసం ఏడవడం అజ్ఞానం" అని మొదలుపెట్టాడు. పరామర్శకి వచ్చినవాళ్లు కూడా వింటున్నారని గొంతు కాస్త పెంచి మరీ చెప్పాడు.

అచ్చియ్యమ్మ ఏడుపు ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిందా?" అంది. "నాకింకా అవలేదు. నీ వేదాంతం నువ్వు పట్టుకుపో. మళ్లీ నా గుమ్మం ఎక్కకు."

ఉపదేశం మాట వచ్చాక గంగాచలం మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ మిట్టమధ్యాహ్నమే, దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ. నేనన్నది నీ మంచికేనని ఒకసారి చెప్పాడు. పెద్దల మాటే కదా, నా సొంతమా అని ఇంకోసారి అడిగాడు. మూడోసారి, "ఉపదేశానికి అడ్డం పడకక్కా, నోరారా దీవించు" అన్నాడు.

"నాదేముందిరా, నీటి బుడగని. వెళ్లి గోదారినడుగు, పెద్దది" అని తలుపు దగ్గరికేసింది అచ్చియ్యమ్మ.

* * *

గురువుగారి ఇల్లు గోదావరి లంకలో. పెరట్లో శిష్యులు తలా ఒక మడి చూసుకునేవారు. ఒకరు బంతి వేశారు, ఒకరు వంగ. గంగాచలం పొగాకు వేశాడు. గురువుగారికి చుట్ట అలవాటు లేదు. ఆయన భార్యని శిష్యులంతా అమ్మగారు అనేవారు. ఆవిడైతే నవ్వేసింది.

"గురువుకి పళ్లిచ్చేవాళ్లని చూశాను, పువ్వులిచ్చేవాళ్లని చూశాను. పొగిచ్చేవాణ్ణి నిన్నే చూడటం."

"వాడి చేతికి వచ్చిన పని వాణ్ణి చెయ్యనీ" అన్నారు గురువుగారు. "మన అరుగు మీద కూర్చునే ముసలాళ్లకి పనికొస్తుంది."

నాలుగు రకాలు వేశాడు. చాటంత వెడల్పుండే ఏనుగుచెవి, ఘాటుకి సన్నాకు, ముసలాళ్లు అడిగే లంకాకు. నాలుగోది అక్క ఇంటి విత్తనం, దానికి పేరు లేదు. పొగాకు విత్తనం దుమ్ములా ఉంటుంది కాబట్టి బూడిదలో కలిపి చల్లాడు. నారు తీసి నాటాడు. మొగ్గ తొడగ్గానే తల తుంచాడు. మూడు రోజులకోసారి పిలకలు గిల్లాడు. ఆకు బరువెక్కి పసుపు మచ్చ తిరిగాక కోసి, తాళ్లకు గుచ్చి, పందిరికి తోరణాల్లా వేలాడదీశాడు. ఆకు బెల్లం రంగుకు తిరుగుతుంటే వచ్చినవాళ్లందరినీ పందిరి కిందికి తీసుకెళ్లి చూపించేవాడు.

మూడోసారి అక్క తలుపేసిన రోజు నేరుగా గురువుగారి దగ్గరికే వచ్చాడు. ఆయన ఆ పందిరి నీడనే కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నారు.

"బండరాయండీ మా అక్క" అన్నాడు గంగాచలం. "నాకిక ఉపదేశం లేనట్టే. నేను చెప్పినదాంట్లో తప్పుందా, మీరే చెప్పండి. మీ దగ్గర విన్నదేగా."

గురువుగారు తాడు పక్కన పెట్టి లేచారు. చెయ్యి చాచి, పైనున్న ఆకొకటి పట్టుకుని లాగారు.

"గురువుగారూ, ముట్టుకోకండి."

అప్పటికే అప్పడంలా ఫెళఫెళమంది. అది ఏనుగుచెవి, తోరణమంతటికీ పెద్దాకు. సగం ఆయన గుప్పిట్లో, సగం నేలమీద. ఆయన రెండో ఆకు మీదికి చెయ్యి పోనిచ్చారు. గంగాచలం తానెవరి చెయ్యి పట్టుకుంటున్నాడో కూడా మరిచిపోయి, ఆ మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఎండవేళ ముట్టుకోకూడదండీ. ఎంత నెమ్మదిగా పట్టినా పొడైపోద్ది."

"అయితే ఆకు మంచిది కాదా?"

"బంగారంలాంటి ఆకండీ. ఆకులో ఏం లోపం లేదు."

"మరి దించేదెప్పుడు?"

"తెల్లారగట్లండీ, మంచు తాగాక. అప్పుడు పట్టుబట్టలా వంగుద్ది, ఎలా మడిస్తే అలా మడత పడద్ది. అందాకా దాని జోలికి పోకూడదు."

"ఎవరు చెప్పారు నీకు?"

గంగాచలం పట్టుకున్న మణికట్టు వదిలేశాడు.

"అక్కండి" అన్నాడు.

గురువుగారు గుప్పిట్లోని పొడిని అతని చేతిలో పోసి, కాళ్లు కడుక్కుని భోజనానికి వెళ్లిపోయారు.

* * *

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే గంగాచలం అక్క ఇంటికి వెళ్లాడు. లంకంతా మంచు. ఈసారి చెప్పడానికి మాటలేవీ కూర్చుకోలేదు.

అచ్చియ్యమ్మ అరుగు మీద లాంతరు పెట్టుకుని ఆకు సర్దుకుంటోంది. తలకి బావ తువ్వాలు చుట్టుకుంది. మంచుకి తడిసి, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నోటితో ఆవిరి ఊదుకుని మళ్లీ ఆకందుకుంటోంది.

అతను ఆ ఇంట్లో పదహారేళ్లు పెరిగాడు. అన్నేళ్లూ ఈ వేళకి తను దుప్పట్లో ఉండేవాడు. లేచేసరికి అక్క పొయ్యి దగ్గర ఉండేది, చద్దన్నం కలిపి ఉండేది. ఈ వేళప్పుడు ఆమె ఎలా ఉంటుందో అతను చూడటం ఇదే మొదలు.

కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చూసింది, పొమ్మనలేదు.

గంగాచలం ఆ తువ్వాలు వంక చూశాడు. చిన్నప్పుడు ఆ తువ్వాలుతోనే బావ తనని భుజాన కట్టుకుని తీర్థానికి తీసుకెళ్లేవాడు. బావ పోయిన దగ్గర్నుంచీ తను ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని అప్పుడు తెలిసింది అతనికి. తల మోకాళ్లలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

అచ్చియ్యమ్మ ఊరుకోమనలేదు. ఆకు తిరగేస్తూ కూర్చుంది. అతను తేరుకున్నాక ఒక కట్ట అతని వైపు జరిపింది. అతను ఆకు ఒళ్లో పరుచుకుని ఈనె తీయడం మొదలుపెట్టాడు.

కాసేపు చూసి, "కొసనుంచి లాగాలి. మధ్యలో తెంపేస్తున్నావు" అంది. "గడ్డాలొచ్చాయి గానీ, ఈనె తీయడం రాలేదురా నీకు."

"లేదక్కా" అన్నాడు.

తెల్లారేసరికి కట్ట అయిపోయింది. అతను లేచి ఆమె పాదాలకు మొక్కాడు. పొగాకు జిగురుతో నల్లబడిన చేతిని ఆమె అలాగే అతని తలమీద పెట్టి, కాసేపు ఉంచింది.

* * *

జుట్టుకు అంటిన జిగురుతోనే గంగాచలం గురువుగారి ముందు కూర్చున్నాడు.

"ఏమంది మీ అక్క?"

"ఈనె తీయడం నాకింకా రాలేదందండీ."

గురువుగారు అతని తల వంక చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇంక చెప్పడానికి నాకేం మిగల్చలేదు నాయనా ఆవిడ" అన్నారు. "పౌర్ణమినాడు ఆవిణ్ణి కూడా తీసుకురా. కొబ్బరికాయ కొడదాం."