అరిత్రుడి చేతి నీళ్ళు

పూర్వం నీలఫేనా నదీతీరాన కుముద్వతీ నగరాన్ని నయవర్ముడనే రాజు, శత్రువులకు కాలాగ్నియై, ప్రజలకు కన్నతండ్రియై పాలిస్తుండగా, ఖలీనుడనే అశ్వపాలుడు, తన గుర్రప్పిల్లలు మూడు జ్వరంతో చనిపోగా, అది పడవవాళ్ళ చేతబడి అని ఎవరో అన్న మాట నమ్మి, ఏ పడవవాడు ఏం చేశాడని విచారించకుండానే రేవులోని నావికుల గుడిసెలన్నిటికీ పట్టపగలు నిప్పుపెట్టాడు. లోపలి పిల్లల్ని బయటికి లాగిన అరిత్రుడనే వృద్ధ నావికుడి చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి.

జాతిద్వేషంతో చేసిన నేరానికి ఆ రాజ్యంలో వేరే ధర్మం ఉండేది. బాధితుడే నిందితుడి దోసిట్లో నీళ్ళు పోయాలి. తాగితే ద్వేషం వదిలినట్టు, పన్నెండేళ్ళ సేవ శిక్ష. తాగకపోతే మెడకు రాయి కట్టి నదిలో ముంచుతారు. అది సాక్షాత్తు వరుణదేవుడు పెట్టిన పరీక్ష. అయితే నిందితుడి పక్షాన మాట్లాడే ప్రతివక్త ఒకరు అతడితో ఒకే దర్భాసనం మీద కూర్చుంటేనే సభ సాగాలి. ప్రతివక్త లేని తీర్పు నీటిమీది రాత.

ఖలీనుడి పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. ధర్మసూక్ష్మాల మీద పొద్దుగుంకేదాకా ప్రసంగించే పండితుల్లో ఆనాడే ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి మౌనవ్రతం వచ్చిపడ్డాయి. గత్యంతరం లేక రాజు, నావికకులంలో పుట్టి తపస్సు చేత బ్రహ్మజ్ఞానం పొందిన ప్లవినీదేవి ఆశ్రమానికి కాలినడకన వెళ్ళి, సాష్టాంగపడి, "తపోనిధీ! నీ తోడబుట్టినవాణ్ణి కాల్చినవాడి పక్కన కూర్చోమనడానికి నాకు నోరు రావడం లేదు. కాని నీవు కాదంటే సభ లేదు. సభ లేకపోతే జనమే వాణ్ణి రాళ్ళతో కొట్టి చంపుతారు" అని వేడుకున్నాడు.

ప్లవిని అరిత్రుడికి స్వయానా చెల్లెలు. ఆమె ఒప్పుకున్నదని తెలిసి అరిత్రుడు అరిటాకులు చుట్టిన చేతులు ముందుకు చాచి, "నా చేతులు చూశావు గదే. వాడి పక్కన ఎట్లా కూర్చుంటావు?" అన్నాడు.

"చూశానన్నా. వాడంటే నాకూ కడుపుమంటే. కాని వాడు మనలో ఎవర్నీ అడక్కుండా అందర్నీ ఒకే గాటన కట్టి కాల్చాడు. వాణ్ణి కూడా అడక్కుండా ముంచేస్తే వాడికీ మనకీ తేడా ఏముంది?"

అన్న మొహం తిప్పుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా వెళ్ళి కూర్చుంది.

మూడు దినాలు ఒకే ఆసనం మీద ఉన్నా ఖలీనుడు పెదవి విప్పలేదు. నాలుగోనాడు నిండు సభలో అరిత్రుడు ముంతను రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తెచ్చి, "దోసిలి పట్టు" అన్నాడు. ఖలీనుడు ఆ చేతులకేసి చూసి, తన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ద్వేషం! ద్వేషం!" అని సభ హోరెత్తింది. మంత్రి రాయి తెమ్మన్నాడు. ప్లవినికి మొదట పీడ విరగడైనట్టే తోచింది, ఇక మాట్లాడే పని తప్పిందని. ఆ తేలికపాటుకు తానే సిగ్గుపడి, లేచి, "మహారాజా! నీళ్ళు వద్దన్నాడని చూశాం. ఎందుకు వద్దన్నాడో అడిగామా?" అన్నది.

"తపస్వినీ! ఈ పరీక్షలో ప్రశ్నకు తావు లేదు" అన్నాడు మంత్రి.

"తావు లేనిచోట అడగడానికే పెద్దలు ప్రతివక్తను పెట్టారు" అని ఆమె పక్కవాడి వైపు తిరిగి, "ఖలీనా! నిప్పుపెట్టిననాడు నీ మనసులో ఏముంది?" అని అడిగింది.

"ద్వేషమేనమ్మా. మీరంతా ఒకటే అనుకున్నాను. కాలితే కాలనీ అనుకున్నాను."

"మరి ఇప్పుడు నీళ్ళెందుకు వద్దన్నావు?"

"ఆ చేతుల్ని కాల్చింది నేను. ఆ చేతులతోనే పోస్తుంటే ఏ మొహం పెట్టుకుని తాగను? రాయే కట్టించండి."

సభ చల్లబడింది. నయవర్ముడు, "ద్వేషంతో చేశావన్నది నీ నోటనే రుజువైంది. అది ఇంకా నీలో ఉందన్నది రుజువు కాలేదు. కాల్చిన గుడిసెలు నీ చేతులతో కట్టి, పన్నెండేళ్ళు అరిత్రుడి తెడ్డు నువ్వే వెయ్యి. అయితే నీళ్ళు తాగితేనే ఈ తీర్పు నిలుస్తుంది" అన్నాడు.

అందరూ అరిత్రుడి వైపు చూశారు. అతడు ముంత మళ్ళీ ఎత్తాడు. "పట్టు. క్షమించి పోస్తున్నాననుకోకు, క్షమించలేదు. దప్పికైనవాడికి నీళ్ళు లేవనడం మా రేవులో లేదు."

మణికట్ల మధ్య జారే ముంతలోంచి సగం నీళ్ళు నేలపాలు కాగా, మిగిలినవి ఖలీనుడు తాగాడు. ఆ ఒలికిన నీటిలోంచి పాశహస్తుడు, మకరవాహనుడు అయిన వరుణదేవుడు ప్రత్యక్షమై, "ప్లవినీ! నా పరీక్షలో నేను పెట్టని మౌనాన్ని మనుషులు పెట్టారు. నీవు తొలగించావు. నేటినుండి అడగనిదే తీర్పు ఉండదు. వరం కోరుకో" అన్నాడు.

లోకకళ్యాణం కోరుతుందని సభ చెవులు రిక్కించింది. ఆమె "మా అన్న చేతులు బాగుచెయ్యి స్వామీ" అన్నది. వరుణుడు తథాస్తు అన్నాడు.

చేతులు బాగైనా అరిత్రుడు తెడ్డు ముట్టలేదు. శిక్ష శిక్షే అన్నాడు. మరునాడు ఆశ్రమానికి తిరిగిపోవడానికి ప్లవిని రేవుకు వచ్చేసరికి, ఖలీనుడు తెడ్డు పట్టుకుని ఉన్నాడు, అన్న పడవలో మొహం తిప్పుకునే కూర్చుని ఉన్నాడు. ఆమె ఎక్కి నిలబడింది. పడవ నది నడుమకు వచ్చాక అరిత్రుడు కొంచెం పక్కకు జరిగి, "ఇట్లా కూర్చోవే" అన్నాడు.