కొమ్ములేని శాసనం

ఒకానొక రాజ్యంలో వెయ్యి దుకాణాలకు కలిపి ఒకటే తలుపు ఉండేది. తలుపు రాజుగారిది. దుకాణాలు మాత్రం తమవేనని అమ్ముకునేవాళ్ళు అనుకునేవారు. అనుకోవడం మీద ఇంకా పన్ను వెయ్యలేదు కాబట్టి ధైర్యంగానే అనుకునేవారు.

రాజ్యం పేరు మణిదుర్గం. రాజు పేరు ఉద్దండవర్మ. ఆయన పట్టానికి రాకముందు ఎవరి సరుకు వాళ్ళు వీధి అరుగుల మీద పెట్టుకుని, ఎండకు ఎండి, వానకు తడిసి, దొంగలకు దడిసి అమ్ముకునేవారు. ఉద్దండవర్మ వచ్చిన ఏడాది కోట పక్కన పెద్ద అంగడి కట్టించాడు. పైన కప్పు వేయించాడు, చుట్టూ గోడ లేపించాడు, కావలికి భటులను పెట్టాడు. "లోపల కూర్చుని నిశ్చింతగా అమ్ముకోండి. కావలి ఖర్చుకు పదోవంతు ఇస్తే చాలు" అని చాటించాడు. జనం రాజును చల్లగా ఉండమని దీవించి లోపలికి వెళ్ళారు. అందరూ వెళ్ళారని తేలాక, బయట అమ్మడం నేరమని రెండో చాటింపు వేయించాడు.

అక్కడినుంచి ప్రతి పున్నమికీ ఆ తలుపుకు ఒక కొత్త తాటాకు వేలాడేది. పదోవంతు అయిదోవంతు అయింది. అయిదోవంతు మూడోవంతు అయింది. ఒక పున్నమికి, చిన్న వర్తకులకు దయతలచి సగం తగ్గించామన్నారు. మరుసటి పున్నమికి, చిన్న వర్తకులంటే ఎవరో తేలేదాకా ఆ దయ ఆపామన్నారు. కొనేవాళ్ళకు అమ్మేవాళ్ళు తమ ఇల్లెక్కడో చెప్పకూడదని ఇంకో ఆకు. చెబితే రేపు వాళ్ళు రాజుగారి తలుపు వదిలి నేరుగా ఇంటి గుమ్మానికే వస్తారు గదా. అందుకని నోటితో చెప్పకూడదు, రాసి చూపకూడదు, కనుసైగ అసలే చెయ్యకూడదు.

ఈ ఆకులన్నీ రాసేది మంత్రి బొల్లన ప్రెగ్గడ. శాసనకేసరి అని బిరుదు. పున్నమి పున్నమికీ మాట మార్చి రాయాలంటే ఎంత కేసరికైనా చెయ్యి తడబడుతుంది. ఒకసారి కుండలకు పన్ను అని రాయబోయి కండలకు పన్ను అని రాశాడు. "కండలు మా దగ్గర దొరకవు దొరా, సాము చేసే తాలింఖానాకు వెళ్ళండి" అని కుమ్మరివాళ్ళు పగలబడి నవ్వారు. ఆ మధ్యాహ్నమే తలుపుకు ఇంకో ఆకు వేలాడింది: "రాసినది రాసినట్టే అమలు. అక్షరం తప్పన్నవారి చోటు మూత." అప్పటినుంచి ఎవరూ నవ్వలేదు.

ఆ అంగట్లో కంచరి మాచమ్మకు ఒక చిన్న దుకాణం ఉంది. మాచమ్మ మొగుడు కాశీకని వెళ్ళి పదేళ్ళయింది. మొదటి రెండేళ్ళు ఆవిడ కాశీ వైపు చూసింది. ఆ తరవాత కొలిమి వైపు చూడటం మొదలుపెట్టింది. తనలాగే ఇంటికి బరువైన నలుగురు ఆడవాళ్ళను చేరదీసి కంచు ఉగ్గుగిన్నెలు పోయసాగింది.

పసిపిల్లలకు పాలు పట్టే ముక్కుగిన్నె ఏ ఇంట్లోనైనా ఉండేదే. కాని మాచమ్మ గిన్నె వేరు. ముక్కు సన్నం. దాని చివర చిటికెనవేలి గోరంత వంపు. ఎంత వంచినా పాలు చుక్క చుక్కగానే పడతాయి, పసిదానికి పొలమారదు. కొన్నవాళ్ళ పేరు గిన్నె మీద తనే ఉలితో కొట్టి ఇచ్చేది. పేరులో ఒక్క గీత తప్పితే గిన్నె మళ్ళీ కరిగించుకోవాలి. అందుకని ఆవిడ కన్ను అక్షరం మీద పడితే గద్ద కోడిపిల్ల మీద పడ్డట్టే.

ఆ గిన్నెను మొదటిసారి అంగడికి తెచ్చినప్పుడు సరుకు పరీక్షించే అధికారి, "గిన్నెకు ముక్కు ఉండరాదు" అని తిప్పి పంపాడు. రెండోసారి, "ఇలాంటిది అంగట్లో ఇదివరకు లేదు గనుక కుదరదు" అన్నాడు. మూడోసారి, "ఇలాంటిది అంగట్లో ఇప్పటికే ఉంది గనుక కుదరదు" అన్నాడు. మధ్యలో ఏం జరిగిందంటే, రాచ కార్ఖానావాళ్ళు ఆవిడ గిన్నె చూసి తామొకటి చేసుకున్నారు. రాచగిన్నె కాబట్టి ముక్కుకు బదులు నోరు తెరిచిన సింహం తల పెట్టారు. సింహం నోట్లోంచి పాలు ధారగా దూకి పిల్లలు ఉక్కిరిబిక్కిరయ్యారు. ఒకసారి కొన్న తల్లి రెండోసారి దాని మొహం చూడలేదు. చివరికి తల్లులే గొడవ చేసి మాచమ్మ గిన్నెను లోపలికి రానిచ్చేలా చేశారు.

అది అమ్ముడుపోవడం చూసి కార్ఖానావాళ్ళకు కడుపుమండింది. మరుసటి పున్నమికి తలుపుకు ఆకు వేలాడింది. ముక్కుగిన్నెల మీద ఇకనుంచి సగం వంతు. ఇవ్వలేనివాళ్ళు వారం తిరిగేలోగా అచ్చులు రాచ కార్ఖానాకు అప్పగించాలి.

మాచమ్మ దగ్గర పనిచేసే నాగసాని ఆ వార్త మోసుకొచ్చి కొలిమి పక్కన కూలబడింది.

"సగం కంచుకే పోతుంది గదా అక్కా. మిగిలిన సగం రాజుకు పోతే మనం అయిదుగురం ఊది పొయ్యి రాజేసుకుని ఆ గాలే తినాలి. అచ్చులు ఇచ్చేద్దాం. తలలైనా మిగుల్తాయి."

"తలలు మిగిలి ఏం చేస్తాయే, చేతుల్లో పని లేకుండా?" అంది మాచమ్మ. "నువ్వు ఆకు చదివావా?"

"నాకు చదువెక్కడిది? భటుడు చెప్పాడు."

"వాడికి మాత్రం ఎక్కడిది?" అంటూ మాచమ్మ లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి నడిచింది.

ఆకు మీద ఇలా ఉంది: "మా తలపులో నుంచి వచ్చిన ముక్కుగిన్నెలన్నిటిలో సగం మాది." మాచమ్మ ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. మూడోసారి ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. తిరిగి ఇంటికొచ్చి, "కొలిమి రాజెయ్యండి" అంది.

"సొమ్మో?" అంది నాగసాని.

"కట్టక్కర్లేదు. ప్రెగ్గడగారు అడగనే లేదు."

ఎనిమిదో రోజున భటులు వచ్చి ఆవిడను సభకు తీసుకువెళ్ళారు. మాచమ్మ ఒక చిన్న మూట చంకన పెట్టుకుని వెళ్ళింది.

సభ నిండుగా ఉంది. ఒక పక్క తెర వెనక రాణి నీలాంబ, అంతఃపురం ఆడవాళ్ళు కూర్చున్నారు. ఉద్దండవర్మ మీసం మీద చెయ్యి వేసి, "ఏం మాచమ్మా, వంతు కట్టవు, అచ్చులివ్వవు. నీకేమైనా కొమ్ములు మొలిచాయా?" అన్నాడు.

"లేదు ప్రభూ. మొలిస్తే ఈపాటికి వాటిలోనూ సగం రాసుకునేవారు."

సభలో ఎవరో దగ్గు మింగారు. బొల్లన ప్రెగ్గడ గద్దె మీంచి ముందుకు వంగాడు. "శాసనం అంటే వేళాకోళంగా ఉందా నీకు? ధిక్కరించడానికి ఎన్ని గుండెలు?"

"ధిక్కరించడమా ప్రెగ్గడగారూ. పొల్లు పోకుండా పాటిస్తున్నాను. ఆకు తెప్పించి మీ నోటితోనే చదవండి."

ఆకు వచ్చింది. ప్రెగ్గడ దాన్ని చేత పట్టుకుని, చూడకుండానే, "మా తలుపులో నుంచి వచ్చిన..." అని మొదలుపెట్టాడు.

"చూసి చదవండి" అంది మాచమ్మ.

ప్రెగ్గడ చూశాడు. "మా తల..." అని ఆగిపోయాడు. ఆకును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఏమయింది?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ. ల దగ్గర ఒక కొమ్ము జారింది. ఇది తలపు కాదు, తలుపు. అక్షరం తప్పు పడింది, అంతే."

మాచమ్మ రాజు వైపు తిరిగింది. "అక్షరం తప్పన్నవారి చోటు మూత అని అదే తలుపుకు ఇంకో ఆకు ఉంది ప్రభూ. మాకైతే దుకాణం చోటు. మరి ప్రెగ్గడగారి చోటు ఏదనుకోవాలి? ఆ గద్దేనా?"

ప్రెగ్గడ గద్దె చేతులను రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్క గుక్కలో మాట మార్చడం ఆయనకు కొత్త కాదు.

"తప్పని నేనెక్కడన్నాను? తలపే ప్రభూ. తెలిసే రాశాను. ఈ రాజ్యంలో ఏ వస్తువైనా ముందు ప్రభువుల తలపులో పుడుతుంది, ఆ తరవాతే వీళ్ళ చేతుల్లోకి వస్తుంది. సగం అడిగింది అందుకే."

ఆ మాట ఉద్దండవర్మకు పాయసంలా దిగింది. "నిజమే. మా తలపులోంచి రానిది ఇక్కడ ఏముంది? పాలించడం మాకు నిన్నగాక మొన్న వచ్చిందా? ఉగ్గుపాలతో నేర్చిన విద్య."

మాచమ్మ మూట విప్పింది. తన గిన్నె తీసి రెండు చేతులతో రాజుకు అందించింది.

"అయితే ఇది దేనికో, ఎలా వాడాలో ప్రభువులే సెలవియ్యాలి. మీ తలపులోంచి వచ్చిందే గదా."

రాజు గిన్నెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ప్రెగ్గడ వైపు చూశాడు. ప్రెగ్గడకు ఆరుగురు పిల్లలు. అయినా వాళ్ళు ఏం తాగి పెరిగారో, దేంతో తాగారో ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆయన పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ప్రమిద" అన్నాడు రాజు గంభీరంగా. "ఈ ముక్కు వత్తి కోసం. నూనె తెండి, చూపిస్తాం."

నూనె వచ్చింది, వత్తి వచ్చింది. రాజుగారు ఆ సన్నటి ముక్కులోకి వత్తిని దూర్చడానికి సభ అంతా చూస్తుండగా చాలాసేపు పాటుపడ్డాడు. దూరింది. నూనె పోశాడు. నూనె వత్తి వెంబడే పాకి, ముక్కు కొసన వేలాడి, చుక్క చుక్కగా ఆయన ఒళ్ళోని పట్టుబట్ట మీద పడింది.

తెర వెనక ముందు ఒక గాజు గలగలమంది. తరవాత అన్ని గాజులూ గలగలమన్నాయి. ఆ నవ్వుల మధ్యనుంచి రాణి గొంతు వినబడింది.

"ప్రభూ, అలాంటి ప్రమిదతోనే మీ ముగ్గురు పిల్లలనూ పెంచాను. దాన్ని ఉగ్గుగిన్నె అంటారు."

"మీరు చెప్పిన ఉగ్గుపాలు ఇలాంటి గిన్నెలోంచే వచ్చాయి ప్రభూ" అంది మాచమ్మ. "విద్య గుర్తుంది, గిన్నె మరిచారు. పట్టిన చెయ్యి గుర్తుందా అని నేను అడగను."

అని, మూటలోంచి రెండో గిన్నె తీసింది. సింహం తల ఉన్నది.

"మీ తలపులోంచి వచ్చిన గిన్నె లేకపోలేదు. ఇదుగో, మీ కార్ఖానాది. దీంట్లో సగమెందుకు, మొత్తం మీదే. మూడు పున్నములుగా అంగట్లో అలాగే కూర్చుని ఉంది."

తెర వెనక గాజులు ఆగాయి. ఒక మాట ఎక్కువైందా అనుకుంది మాచమ్మ. కొలిమి దగ్గర నలుగురు ఆడవాళ్ళు అచ్చులను గోనెలో చుట్టి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళ కూడు, తన కూడు ఇప్పుడు ఒక మనిషి మీసం ఎటు కదులుతుందనే దాని మీద ఉంది.

ఉద్దండవర్మ ఒళ్ళోని నూనె మరక చూసుకున్నాడు. సింహం గిన్నె చూశాడు. బిత్తరపోయిన కళ్ళు, బార్లా తెరిచిన నోరు. తల పక్కకు తిప్పితే శాసనకేసరి కనిపించాడు. బిత్తరపోయిన కళ్ళు, బార్లా తెరిచిన నోరు.

రాజు మీసం ఒక మూల అదిరింది.

"కేసరీ," అన్నాడు, "నోరు ముయ్యవయ్యా. పాలు కారిపోతాయి."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆయనకే నవ్వాగలేదు. సింహాసనం చెయ్యి మీద కొట్టుకుంటూ నవ్వాడు. సభ నవ్వింది. చివరికి ప్రెగ్గడ కూడా, గద్దె ఇంకా మిగిలినందుకు, నవ్వాడు.

రాజు మెడలోని ముత్యాల హారం తీశాడు. "ఇది నీది మాచమ్మా. అచ్చులు నీవి. ఇకమీద నీ గిన్నెలకు వంతే లేదు."

మాచమ్మ హారం అందుకుంది. "హారం సరే ప్రభూ. వంతు లేదన్న ఆ వరం మాత్రం నాకొక్కదానికే వద్దు."

"ఎందుకు?"

"నా ఒక్కదానికి ఇచ్చింది వచ్చే పున్నమికి నా ఒక్కదాని దగ్గరే లాక్కోవచ్చు. అంగడి మొత్తానికి ఇవ్వండి. మీరు కప్పు వేయించారు, కావలి పెట్టారు, కాదనం. మొదట అడిగిన పదోవంతు అందరం కడతాం. అంతకు మించి కావాలంటే ముందుగా అంగడి మధ్య నిలబడి చదివించండి, మేం చెప్పేది వినండి. మా ఇల్లెక్కడో మమ్మల్ని చెప్పుకోనివ్వండి."

"ఇల్లు చెబితే జనం మా తలుపు దగ్గరికి రారే?"

"కప్పు కింద చల్లగా ఉంటే వాళ్ళే వస్తారు. రాకపోతే కప్పు బాగు చేయించుకోవాలి గాని, వాళ్ళ కళ్ళకు గంతలు కడితే ఎలా ప్రభూ?"

రాజు తెర వైపు ఒకసారి చూశాడు. "రాయవయ్యా ప్రెగ్గడా" అన్నాడు.

ప్రెగ్గడ తాటాకు కోసం చెయ్యి చాచాడు.

"ఆకు వద్దు" అంది మాచమ్మ. "కంచు పలక నేను పోసి ఇస్తాను. అక్షరాలు నేనే కొడతాను. మార్చాలంటే కరిగించాలి, కరిగించాలంటే నా కొలిమి దగ్గరికి రావాలి. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం."

ఉద్దండవర్మ రెండోసారి నవ్వాడు. పలకకు కావలసిన కంచు రాచకొట్టులోంచి తూచి పంపమన్నాడు.

హారం రాజు కాళ్ళ దగ్గర పెట్టి వద్దని ఉంటే మాచమ్మ కథ ఇంకా ఉదాత్తంగా ఉండేదని తరవాత కొందరు పండితులు అన్నారట. ఆవిడ ఆ హారం అమ్మి రెండో కొలిమి పెట్టింది, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళను పనిలోకి తీసుకుంది. ఆ పండితుల ఇళ్ళలో పురుళ్ళు వచ్చినప్పుడు వాళ్ళూ ఆవిడ గిన్నెలే కొన్నారు. ఇల్లెక్కడని వెతుక్కోవలసిన పని పడలేదు. పలక తలుపుకు ఎక్కిన రోజే మాచమ్మ అంగడి నడిమధ్య నిలబడి, భటులు వింటుండగా, కంఠమెత్తి చెప్పింది: "కంచరి వీధి. ఎడమచేతి వైపు మూడో గుమ్మం. పొద్దున్నే వస్తే వేడి గిన్నె."