నికెల్ మామయ్య అరుగు

ఒకప్పుడు ఉదజని పిల్లలంతా, అంటే హైడ్రోజన్ పిల్లలంతా, నీళ్ళమ్మ కడుపులోనే ఉండేవాళ్ళు. మెరుపు నీళ్ళలోకి దూకి, కాసేపు వెలుగుతూ ఉన్నప్పుడు మాత్రమే వాళ్ళకి బయటపడే దారి దొరికేది. అక్కడా ఒక చిక్కుంది. ఒంటరి ఉదజని ఎగరలేదు. ఇద్దరు చేతులు పట్టుకుంటేనే ఆకాశానికి పోగలరు. జత కుదిరేదాకా కూర్చోడానికి నీటి అంచున లోహాల అరుగులుండేవి.

బంగారం అరుగెక్కితే జారిపోయేవాళ్ళు. ఆవిడకి తన నిగనిగ చూసుకోవడమే సరిపోయేది, వచ్చినవాళ్ళని పట్టించుకునే తీరికెక్కడిది! ప్లాటినం తాతయ్య మర్యాదస్తుడు. "కూర్చోండి" అనేవాడు, జత కుదరగానే "వెళ్ళి రండి" అనేవాడు. కానీ ఆయన అరుగు అరచేతంత.

నికెల్ మామయ్య అరుగు మాత్రం ఊరంత. ఆయనకి పిల్లలంటే ప్రాణం. అదే కొంప ముంచింది.

ఒకరోజు మెరుపు దూకింది. బుల్లి అనే ఉదజని పిల్ల, వాళ్ళక్క బయటికొచ్చి నికెల్ మామయ్య అరుగెక్కారు. అక్క ఆ చివర, బుల్లి ఈ చివర కూర్చున్నారు.

కిందనుంచి నీళ్ళమ్మ చెప్పింది. "అన్నా, మెరుపు ఆరిపోయేలోగా పిల్లల్ని పంపించెయ్యి. ఆరిపోతే మళ్ళీ నాలోకి జారిపోతారు. ఆకాశం చూడాలని ఎన్నాళ్ళుగానో ఏడుస్తున్నారు."

"అలాగేలేమ్మా" అన్నాడు మామయ్య.

కాసేపటికి బుల్లి లేచింది. "మామయ్యా, వెళ్ళొస్తాను. అక్క పిలుస్తోంది."

"ఇప్పుడేగా వచ్చావు! ఉండు" అంటూ మామయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"మెరుపు తగ్గిపోతోంది మామయ్యా!"

"ఒక్క ముద్ద తిని వెళుదువుగాని. మా ఇంటికొచ్చి ఖాళీ కడుపుతో వెళతావటే?"

అక్క పరుగున వస్తూ చెయ్యి చాచింది. బుల్లీ చాచింది. వేళ్ళు అందలేదు. మామయ్య పట్టు వదల్లేదు. అంతలో మెరుపు ఆరిపోయింది.

ఇద్దరూ చెరోవైపు నీళ్ళలోకి జారిపోయారు. కలిపిన ముద్ద మామయ్య చేతిలోనే ఉండిపోయింది.

"ప్రేమగానే కదమ్మా పట్టుకున్నాను!" అని మామయ్య భోరుమన్నాడు.

నీళ్ళమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ప్రేమకేం తక్కువన్నా! సాగనంపడమే నీకు రాలేదు" అంది.

పక్కనున్న మాలిబ్డినం ఇదంతా చూసింది. "నన్నూ నీ అరుగులో కలుపుకో అన్నయ్యా. నువ్వు మరీ పట్టుకుంటే మోచేత్తో పొడుస్తాను" అంది. మామయ్య కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు.

మళ్ళీ మెరుపొచ్చింది. పిల్లలు జంటలు జంటలుగా ఎగిరిపోయారు. వాళ్ళలో బుల్లీ, అక్కా ఉన్నారో లేదో ఎవరికీ తెలియలేదు. ఉదజని పిల్లలంతా ఒకేలా ఉంటారు మరి!

ఇప్పటికీ నికెల్ ఒక్కటే ఉంటే ఉదజనిని ఓ పట్టాన వదలదు. మాలిబ్డినంలాంటి మరో లోహం కలిస్తే పట్టు సడలిస్తుంది. ఇప్పుడు మెరుపుకి బదులు తీగతో నీళ్ళలోకి కరెంటు పంపుతున్నాం. ఉదజని బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతాయి. అయినా ప్రతి బుడగా పోయేముందు అంచున ఒక్క క్షణం ఆగుతుంది, చూడండి. మామయ్య దాన్ని అడుగుతుంటాడు.

"నువ్వు బుల్లివేనా తల్లీ?"