నీడలో కొలిచిన వేగం

రేపల్లెలో లాప్‌టాప్‌ల షాపు నడుపుతూ ఆ పని నేర్పే ఏసుదాసు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు, ముందు అడిగినవాడి ముఖం చూస్తారు. తెలుసుకోవడానికి అడిగాడా, మెప్పు కోసం అడిగాడా అన్నది ఆయనకు అక్కడే తెలిసిపోతుందని షాపులో అందరూ అనుకుంటారు.

ఒకరోజు పొద్దున్నే ఫణీంద్ర అడిగాడు. "మాస్టారూ, తక్కువ ధర లాప్‌టాప్‌లలో వచ్చే ఈ రెండు ప్రాసెసర్లలో ఏది గొప్పదంటారు?"

జవాబు తెలియక అడిగినవాడు కాదు. డిగ్రీ చేసి, ఆర్నెల్లుగా మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. రెండు లాప్‌టాప్‌లు బల్లమీద పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే క్రికెట్ ఆట నడిపి చూశాడు. మొదటిదానిలో సెకనుకి అరవై బొమ్మలు కదిలాయి, రెండోదానిలో నలభై ఎనిమిది; ఎన్ని ఎక్కువైతే ఆట అంత సాఫీగా సాగుతుంది. గళ్లు గీసి పట్టిక కూడా తయారు చేశాడు. ఉత్తరాలు టైపు చేయడానికి, ఫారాలు నింపడానికి, ఇంటర్నెట్‌కి రెండింటికీ తేడా కనబడలేదని అడుగున రాశాడు గాని, చిన్న అక్షరాల్లో రాశాడు. ఆ షాపులో పరీక్షలన్నీ ఛార్జరు తగిలించి, ఏసీ వేసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకునే చేస్తారు. ఆ ఫ్యాను సంగతి మాత్రం పట్టికలో ఎక్కించాలని ఎవరికీ తోచలేదు, ఫణీంద్రకీ తోచలేదు.

మాస్టారు పట్టిక అంతా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "పోయిన నెల అరవై బొమ్మలది ఒకటి అమ్మావు కదా. ఎవరికి?"

"సలోమి గారికండి. తాలూకా ఆఫీసు దగ్గర కూర్చుని జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు పెడుతుంది, ఆవిడకి."

"మధ్యాహ్నం బండి తియ్యి. చూసొద్దాం."

ఫణీంద్ర హుషారుగానే బయల్దేరాడు. ఆ లాప్‌టాప్ తనే ఏరి ఇచ్చాడు మరి. కొనడానికి వచ్చిన రోజు సలోమి రెండే మాటలు అడిగింది. ఛార్జింగ్ ఎంతసేపు నిలబడుతుందని ఒకటి. కాలు విరిగి మంచంలో ఉన్న భర్త సాయంత్రాలు కాసేపు క్రికెట్ ఆట ఆడుకుంటాడు, నడుస్తుందా అని కాస్త సిగ్గుపడుతూ ఇంకొకటి. మనవాడు ఆ రెండో మాట పట్టుకుని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. మొదటిదానికి ఏం చెప్పాడో ఇప్పుడు అతనికే గుర్తులేదు.

తాలూకా ఆఫీసు ప్రహరీ బయట నీలం టార్పాలిన్ పట్టా కింద సలోమి కూర్చుని ఉంది. ఎండ తగలదు గాని ఆ పట్టా కింద ఉడికిపోతోంది. దగ్గర్లో ప్లగ్గు లేదు. స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, దాని కింద తడిగుడ్డని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సర్దింది. కుడిచేత్తో టైపు చేస్తూ ఎడమచేత్తో దానికి విసనకర్రతో విసురుతోంది. ఎదురుగా ఒక ముసలాయన, భర్త పోయిన కూతురి పింఛను కాగితాలు గుండెకి అదుముకుని నిలబడ్డాడు. ఆ దరఖాస్తుకి ఆ రోజే ఆఖరు. ఆయన వెనక నిలబడ్డ ఇద్దరు విసుగొచ్చి, రోడ్డవతల ఇంకొకాయన దగ్గరికి వెళ్లిపోతున్నారు.

ఫణీంద్రని చూడగానే సలోమి గబగబా లేచి, తన కుర్చీ కొంగుతో తుడిచి అతని ముందుకి జరిపింది. "రండి బాబూ, కూచోండి" అని, ముసలాయన వైపు తిరిగింది. "ఈ మిషను ఏరి ఇచ్చింది ఈ బాబే తాతా. మిషను మంచిదే. నాకే వాడటం చేతకావట్లా. ఎండెక్కేసరికి కాలిపోయి నత్తనడక నడుస్తది, మధ్యాహ్నం రెండుకల్లా ఛార్జింగ్ అయిపోద్ది. నేనే ఏదో తప్పు నొక్కుతున్నాను."

ఆ మాటల్లో ఎత్తిపొడుపేమైనా ఉందా అని ఫణీంద్ర వెతుక్కున్నాడు. లేదు. ఉంటే అతనికి బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. చెవులు వేడెక్కాయి, చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ కుర్చీలో కూర్చోలేక పక్కనే నిలబడిపోయాడు.

"అయ్యా, తమరు తెలిసినోళ్లు" అన్నాడు ముసలాయన. "మా పిల్ల దరకాస్తు ఇయ్యాల ఎక్కుద్దంటారా?"

ఫణీంద్ర వంగి తెర వైపు చూశాడు. ఛార్జింగ్ పధ్నాలుగు శాతం ఉంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.

మాస్టారు సలోమి చేతిలోంచి విసనకర్ర తీసుకుని ఫణీంద్ర చేతికిచ్చారు. అతను మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని లాప్‌టాప్‌కి విసరసాగాడు. ఆఫీసులోకి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు నిలబడి చూశారు. ఒకాయన నవ్వాడు కూడా. సలోమికి రెండు చేతులూ దొరికాయి, ఒక్కో గడీ నింపుతూ పోయింది. ఛార్జింగ్ నాలుగు శాతానికి దిగాక రసీదు నంబరు కనబడింది. ముసలాయన దాన్ని అరచేతి మీద రాయించుకుని ఫణీంద్రకి దణ్ణం పెట్టాడు. పరువు తీసి తిట్టినా అతనికి అంత సిగ్గు వేసేది కాదు.

"మీరొచ్చారు గాబట్టి అయ్యింది బాబూ" అంది సలోమి, ఆరిపోయిన లాప్‌టాప్ మూస్తూ. "ఎప్పుడన్నా తీరిక చేసుకుని నాకు దీన్ని వాడటం నేర్పండి. పుణ్యముంటది."

అతను తల ఊపాడు.

బండి దగ్గరికి వచ్చాక ఫణీంద్ర అన్నాడు. "నలభై ఎనిమిది బొమ్మలదే ఇవ్వాల్సింది మాస్టారూ. అంత వేడెక్కదు, ఛార్జింగ్ సాయంత్రం దాకా వస్తుంది. వాళ్లాయన ఆట అందులోనూ శుభ్రంగా నడుస్తుంది. కొత్త ఆఫర్ వచ్చిందని చెప్పి రేపే మార్చి ఇచ్చేస్తాను. అసలు సంగతి ఆవిడకి తెలియనక్కర్లేదు."

మాస్టారు బండి వెనక ఎక్కి కూర్చున్నారు.

"మార్చు ఫణీ. నిజం చెప్పకపోతే ఆవిడ మాత్రం తనకే చేతకాలేదనుకుంటూ ఉండిపోతుంది."