రెల్లిమొగలో అమ్మవారు ఏటేటా చోటు మారే వృత్తాంతం

పూర్వం కళింగ సీమలో, సముద్రానికీ ఉప్పుటేటికీ నడుమ, రెల్లిగడ్డి దిబ్బల మీద నలభై గడపల పల్లె ఒకటి ఉండేది. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు కనుక ఆ పల్లెకు రెల్లిమొగ అనే పేరు వచ్చింది. ఆ ఊళ్లో కోదండు అనే జాలరి భార్య దాలెమ్మ అనే ఇల్లాలు, పగలల్లా మోకాటిలోతు నీళ్లలో గుల్లలు ఏరి, వాటిని బట్టీలో కాల్చి సున్నం చేస్తూ జీవనం సాగించేది. ఆమె మహాభక్తురాలే గాని నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. మొక్కుకున్నా మనసులోనే మొక్కుకునేది.

ఆ మొగకు ఒక వింత గుణం ఉండేది, ఇప్పటికీ ఉంది. అది ఒక్క చోట నిలవదు. వానాకాలపు వరదలు వచ్చి పోయాక, కిందటేడు పడవలు తిరిగిన దారి ఇసుకతో పూడిపోయి, ఉత్తరంగా ఇరవై ముప్పై బారల అవతల కొత్త దారి తెగుతుంది. నీరు నిమ్మళంగా ఉన్న రోజున ఆ దారి కంటికే కనిపిస్తుంది గాని, గాలి రేగి ఎటు చూసినా నురగే అయిన నాడు దిబ్బ ఏదో దారి ఏదో సముద్రం మీది మనిషికి తెలిసే ఉపాయం లేదు. అందుచేత పెద్దలు ఒడ్డున నడుమెత్తు రాతిని ఒకదాన్ని నిలిపి, దానికి గుల్లసున్నం పూసి తెల్లగా ఉంచేవారు. ఆ తెల్లరాయి, వెనక కొండ మీది జంటబండల నడుమకు వచ్చేట్టు చూసుకుని, ఆ సూటి తప్పకుండా వస్తే పడవ క్షేమంగా ఏట్లోకి చేరేది. ఏటా వరదలు తీశాక కొందరు పడవలో కొత్త దారి మీద నిలిచి కేకలు వేస్తుంటే, ఒడ్డునున్నవారు ఆ కేకల ప్రకారం రాతిని జరిపేవారు. సున్నం పూసే పని మాత్రం తరతరాలుగా దాలెమ్మ అత్తవారి ఇంటిది. ఊరివారంతా ఆ రాతినే గంగమ్మ అనుకుని, వేటకు పోయే ముందర దానికి దండం పెట్టుకుని పోయేవారు.

ఇలా ఉండగా ఆ సీమనేలే రాజావారి తల్లిగారు జగన్నాథ దర్శనం చేసుకుని సముద్రమార్గాన తిరిగి వస్తూ, రెల్లిమొగ ఎదుట గాలివానలో చిక్కుకున్నారట. ఓడ నడిపేవారు ఆశ వదులుకున్న సమయంలో ఒడ్డున తెల్లరాయి కనిపించగా, దాని సూటిన వచ్చి వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. మాతృభక్తి కలిగిన ఆ రాజు మనసు పొంగి, అంతటి తల్లి ఎండకూ వానకూ బయట ఉండడమేమిటని, ఆ రాయి ఉన్నచోటనే రాతిగుడి కట్టించి, తూర్పుముఖంగా ద్వారం పెట్టించి, నరహరి శాస్త్రులు గారనే అర్చకులను నియమించి, మాఘమాసంలో శాస్త్రోక్తంగా ప్రతిష్ఠ జరిపించాడు. ఎనిమిదిమంది మనుషులు దుంగలు కట్టి మోస్తే గాని ఆ రాయి పీఠం ఎక్కలేదు. నాటినుంచి అమ్మవారికి నూనె అభిషేకాలే గాని సున్నం పూయడం లేదు. దాలెమ్మ సున్నపు కడవ ఇంట్లో ఒక మూలకు చేరింది.

ప్రతిష్ఠ అయిన విగ్రహాన్ని కదపకూడదు కదా. మరి మొగ కదిలితే ఏమి గతి అని ఎవరికీ తోచకపోలేదు గాని, ఊరి పెద్ద ఎర్రన్న దానికి ఒక సమాధానం చెప్పాడు. అమ్మ ఇక కదలదు కాబట్టి మొగ కూడా కదలదని, ఇన్నాళ్లూ గుడి లేకనే మొగ అలా తిరిగిందని అన్నాడు. సముద్రమంటే గంగమ్మే అని నమ్మిన వారు గనుక ఆ మాట అందరికీ నచ్చింది. ఆ ఏడు వానలు తక్కువై మొగ నిజంగానే కదలకపోయేసరికి ఆ నమ్మకం మరీ గట్టిపడింది.

రెండో ఏడు వరదలు విపరీతంగా వచ్చాయి. అవి తీసిన తరవాత దాలెమ్మ గుల్లల కోసం నీళ్లలో దిగితే, పాత దారిలో పీకలోతు ఉండవలసిన చోట ఇసుక మోకాలికే తగిలింది. కొత్త దారి ఉత్తరంగా చాలా దూరంలో తెగింది. ఆమె ఆ సంగతి మొగుడితో చెప్పింది. అతను తానొక్కడే చెబితే ఎవరూ వినరని, ఆమెనూ వెంటబెట్టుకుని ఎర్రన్న గడపకు పోయాడు. ఎర్రన్న అరుగు మీద వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"గుల్లలేరుకునేదానివి, అమ్మోరికి దారి నువ్వు చెప్తావేటే? నీ సున్నం అడిగేవోడు లేకపోయాడని మాకు తెలుసునులే."

అక్కడున్నవారు నవ్వారు. దాలెమ్మ తల వంచుకుని ఇంటికి వచ్చేసింది. సముద్రం నిమ్మళంగా ఉన్నన్నాళ్లూ పడవలు కొత్త దారిని కంటితో చూసుకునే పోయి వస్తున్నాయి గనుక, ఆ మాట అక్కడితో అణగిపోయింది.

కార్తీకంలో ఒకనాడు తెల్లవారి పదకొండు పడవలు వేటకు పోయాయి. కోదండు ఒక పడవలో ఉన్నాడు. ఎర్రన్న కొడుకులిద్దరూ మరో పడవలో ఉన్నారు. రెండు జాములు దాటేసరికి తూర్పున ఆకాశం సీసం రంగుకు తిరిగి, గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఊళ్లో ఆడవాళ్లూ ముసలివాళ్లూ గుడికి పరుగెత్తి, అమ్మా గట్టెక్కించమని పీఠం ముందు సాగిలపడ్డారు. దాలెమ్మ మాత్రం గుడి మెట్ల మీద నిలబడి సముద్రం వైపే చూస్తూంది. పడవలు ఒక్కొక్కటే కనబడసాగాయి. నురగలో కొత్త దారి కనబడక, అన్నీ గుడిని జంటబండల నడుమకు తెచ్చుకుని, ఆ సూటినే నమ్ముకుని వస్తున్నాయి. ముందు వచ్చిన పడవ ఇసుకదిబ్బకు కొట్టుకుని బోర్లాపడింది. అందులోని నలుగురూ ఈదుకుంటూ ఒడ్డుకు పడ్డారు గాని, పడవ చెక్కలు చెక్కలైపోయింది. వెనక వస్తున్న పదింటికీ అదే గతి పట్టబోతోందని, అంతమందీ ఈదుకు రాలేరని ఆమెకు తెలిసిపోయింది.

ఇంటికి పరుగెత్తి సున్నపు కడవ తెచ్చి మెట్ల మీద పెట్టి, తడి చీరతోనే దాలెమ్మ గర్భాలయం గడప దాకా వచ్చింది. శాస్త్రులు గారు చేతులు అడ్డంగా చాచారు. ప్రతిష్ఠ అయిన మూర్తిని పెళ్లగిస్తే ఈ ఊరికే గాక ఏడు తరాలకూ దోషమని ఆయన చెప్పారు. ఎర్రన్న ఆమెను వెనక్కు లాగమని కేకలు వేశాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో మాట్లాడని ఆ ఇల్లాలు, అప్పుడు అందరూ వినేటట్టుగా అన్నది.

"పిల్లలు మునిగిపోతుంటే అమ్మ గుళ్లో కూకుంటాదా బాబూ? నాను ఎత్తుకుంతాను. ఆ పాపమేదో నాకే రానీండి."

శాస్త్రులు గారు ఆమె భుజం మీదుగా సముద్రాన్ని చూశారు. తరవాత చేతులు దించి, తన ఉత్తరీయం తీసి, పల్లెపడుచులు చేపలగంప కింద పెట్టుకునే చుట్టకుదురులాగా దాన్ని చుట్టబెట్టి ఆమె చేతికిచ్చారు. తల నొప్పెడుతుంది తల్లీ, పెట్టుకో అన్నారట.

ఎనిమిదిమంది మోసిన ఆ రాయి, దాలెమ్మ వంగి చెయ్యి వేయగానే పీఠం వదిలి సగం నిండిన గంపలాగా తల మీదికి వచ్చింది. ఆమె గుడి దిగి ఇసుకలో ఉత్తరంగా నడిచింది. అయితే రాతిని ఎక్కడ దించాలో చెప్పవలసిన పడవ మొగలో లేదు గదా. ఇక్కడ అని కొందరు, ఇంకా అవతల అని కొందరు వెంట నడుస్తూ ఏడుస్తున్నారు. అంతదాకా తేలికగా ఉన్న ఆ రాయి ఒకచోటికి వచ్చేసరికి కొండంత బరువెక్కి, దాలెమ్మ కాళ్లు పిక్కలదాకా ఇసుకలో దిగిపోయాయి. మరొక అడుగు వేయడం ఆమె వల్ల కాలేదు. అమ్మ అడిగిన చోటు ఇదేనని గ్రహించి అక్కడే దించి, వెంట వచ్చినవారి చేతిలోని కడవ అందుకుని, నూనెతో నల్లబడిన రాతి మీద సున్నమంతా కుమ్మరించింది. రాయి తెల్లగా మెరిసింది.

సముద్రం మీద కోదండు ముందుగా దాన్ని చూశాడు. అతని పడవలోనివారు గుడి వైపే తిప్పబోతుంటే అతను చుక్కాని పట్టుకున్నవాడి చెయ్యి ఆపాడు.

"అమ్మోరు జరిగిందిరా. సూటి మార్చండి."

అతని పడవ తెల్లరాతిని జంటబండల నడుమకు తెచ్చుకుని దూసుకు వచ్చి ఏట్లో పడింది. అది చూసి మిగిలిన తొమ్మిదీ దాని వెనకనే వచ్చాయి. ఆఖరి పడవలోంచి దిగిన కొడుకులిద్దరినీ తడిమి చూసుకుని, ఎర్రన్న అక్కడే ఇసుకలో దాలెమ్మ కాళ్ల ముందు కూలబడ్డాడు. ఆమె సిగ్గుపడి, లెగు మావా, ముందు పిల్లలకి గంజినీళ్లు పొయ్యి అని పక్కకు జరిగిందని చెబుతారు.

రాజుకు ఈ సంగతి తెలిసి, మూర్తికి అపచారం జరిగిందని ఆగ్రహంతో పరివారంతో వచ్చాడు. ఎవరి అనుమతితో కదిపారని అడిగితే, ఆ తల్లి తానే లేచి వెళ్లింది మహారాజా, నేను కళ్లారా చూశానని శాస్త్రులు గారు విన్నవించారు. రాజు నమ్మలేక పదహారుమందిని పెట్టి లాగించినా రాయి వెంట్రుకవాసి కదలలేదు. అప్పుడు దాలెమ్మను పిలిపించగా, ఆమె తోటి కోడళ్లిద్దరితో కలిసి దాన్ని అవలీలగా ఎత్తి మళ్లీ అక్కడే పెట్టింది. రాజు తలపాగా తీసి నేల మీద పెట్టి నమస్కరించి, గుడి తలుపులు ఊడదీయించి, ఇక ఈ తల్లిని ఆపేవారు ఉండకూడదని శాసనం చేశాడు. ఆడవాళ్ల చేతికి తేలికైన రాయి మగవాళ్ల చేతికి ఎందుకు బరువయిందో నాటినుంచి నేటిదాకా ఎంతమందో ఆలోచించారు గాని, తెలిసినవారు లేరు.

ఈనాటికీ కార్తీకమాసంలో సముద్రం నిమ్మళించిన మొదటి శుక్రవారం నాడు రెల్లిమొగలో అమ్మవారి జరుపుడు పండుగ అవుతుంది. మగవారు పడవలో కొత్త దారి మీద నిలుస్తారు. ఒడ్డున పన్నెండుమంది ఆడవారు ఉపవాసముండి రాతిని మోస్తారు. పడవలోంచి కేక వచ్చేదాకా వారు దించరు. ఆ రోజు రాతిని మగవారు తాకరు. ఇక రాజావారు కట్టించిన గుడి తలుపుల్లేకుండా అలాగే ఉంది. శాస్త్రులు గారి వంశంవారు ఆ ఖాళీ పీఠం ముందు రోజూ దీపం పెడుతూనే ఉన్నారు. దూరాన్నుంచి వచ్చిన యాత్రికులు లోపలికి తొంగిచూసి, అమ్మవారేరీ అని విస్తుపోయి అడుగుతారు. మెట్ల మీద చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు చేతిలో పని ఆపకుండానే, అమ్మోరు పనికెళ్లింది, ఒడ్డుకెళ్లి చూడండి అంటారు.